రెండు పట్టముల వైద్యుఁడు

"డాక్టరు" అను మాట మన భాషలోనికి వచ్చి నూఱేండ్లు దాఁటినది. అయినను మన జనులు దానితో నేఁటికిని తికమకపడుచునే యున్నారు. ఎవరైన తన పేరునకు ముందు ఆ మాటను తగిలించుకొన్నచో "మందిచ్చు డాక్టరా, చదువు డాక్టరా?" అని యడుగుట మన యూళ్లలో పరిపాటి. ఈ ప్రశ్నలో పరిహాసము కొంత యున్నను సత్యము చాల యున్నది. రోగి నాడిని పట్టి చూచువాఁ డొకఁడు. రోగమునకు మూలమును వెదకువాఁడు వేఱొకఁడు. ఇద్దఱును ఒక్కొక్కప్పుడు ఒకే యావరణములో పనిచేయుచుందురు. అయినను మొదటివాని యెదుట నున్న రోగిని రెండవవాఁడు చూడఁడు. రెండవవాఁడు చదివిన గ్రంథమును మొదటివాఁడు తెఱవఁడు. ఈ రెండు విద్యలను ఒక్క మనుష్యునియందు చేర్చుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రను, అందు మనవారికి గల పాలును ఇచ్చట కొంత వివరింపఁదలఁచితిని.

పూర్వము ఈ రెండు పనులకును ఇంత యెడము లేదు. రాబర్టు కాక్ జర్మనీ రాజ్యములో ఒక చిన్న పట్టణమున జిల్లా వైద్యుఁడు. పగలు రోగులను చూచుచు, తీఱిక వేళల తన యింటిలోనే యొక భాగమును ప్రయోగశాలగా నేర్పఱచుకొని, సూక్ష్మదర్శని ముందు కూర్చుండి, పశువులను చంపు దొమ్మరోగమునకు కారణమైన సూక్ష్మజీవి జీవితచక్రమును 1876లో లోకమునకు చూపెను. మన సికిందరాబాదులో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా జీవిని కనుఁగొనిన కథ తెలుఁగువారికి క్రొత్తది కాదు. ఆయన సైన్యపు వైద్యుఁడు. పరిశోధన చేయుమని అప్పటి కెవరును ఆయనను నియమింపలేదు. ఇంతటి పని చేసిన కొలఁది వారములకే ఆయనను రాజపుత్రస్థానమునందలి ఖేర్వారా యను మారుమూలకు బదిలీ చేసిరి. అచ్చట మలేరియా రోగులే అరుదు. కచ్చేరీ కాగితములకు దోమయు ఒకటే, దొరయు ఒకటే. మఱుసటి యేఁడు కలకత్తాకు పోయి పక్షులలోని మలేరియాపై తన పనిని పూర్తి చేయఁగలిగెను గాని, లేనిచో 1902లో వచ్చిన నోబెలు బహుమానము వేఱొకరి పాలగుచుండెడిదేమో.

ఇట్టివారిని చూపి, ప్రతిభ గలవానికి పద్ధతితో పని లేదని వాదించువారు కలరు. ఒక రాసు బయటపడెను, నిజమే. బదిలీ కాగితముతోనే పని నిలిచిపోయిన రాసు లెందఱో ఏ చరిత్రయు లెక్క వ్రాసికొనలేదు.

మన దేశములో వైద్యపట్టమును, పరిశోధనపట్టమును రెండింటిని సంపాదించిన తొలితరమువారిలో ముఖ్యుఁడు ఉపేంద్రనాథ బ్రహ్మచారి. ఈయన 1873లో జన్మించెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రమును చదివి 1894లో ఎం.ఏ. పట్టమును పొందెను. ప్రఫుల్లచంద్ర రాయలవారు ఆయన గురువులలో నొకరు. రసాయనమును విడువకయే వైద్యమున ప్రవేశించి, 1902లో ఎం.డి.ని, 1904లో రక్తకణముల విచ్ఛేదమును గుఱించిన పరిశోధనకు కలకత్తా విశ్వవిద్యాలయమునుండి పి.హెచ్.డి.ని పడసెను. అప్పటి కీ రెండింటిని కలిపి యిచ్చు పద్ధతి ప్రపంచమునం దెచ్చటను లేదు. ఆయన స్వయముగా ఒకదాని ప్రక్క నొకటి చేర్చి కట్టుకొన్న యిల్లది.

ఆ యింటి ప్రయోజనము పదునాఱేండ్ల తరువాత తెలిసెను. కాలాజారు అను జ్వరము బంగాళమును, అస్సామును పీల్చివేయుచున్న దినములవి. ప్లీహము ఉబ్బి, ఒడలు నల్లబడి, మనుష్యుఁడు నెలల తరబడి క్షీణించి చచ్చెడివాఁడు. అస్సాములో కొన్ని సీమల జనసంఖ్యయే తగ్గిపోయినది. దానికి కారణమైన జీవిని 1903లో లీష్మనును, మన మదరాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేసిన డోనవనును వేఱువేఱుగా ప్రకటించిరి. ఆ జీవి నేఁటికిని వారిద్దఱి పేరులను మోయుచున్నది. జీవి తెలిసినను మందు సరిగా కుదురలేదు. అంటిమొని యను ధాతువుతో చేసిన లవణములు కొంత పనిచేసినను చికిత్స దీర్ఘము, విషగుణము మెండు. ఇచ్చటనే బ్రహ్మచారిగారి రెండవ చదువు అక్కఱకు వచ్చినది. జర్మనీలో ఎర్లిక్ పండితుఁడు పాషాణధాతువును కర్బనసంయోగములతో కూర్చి సవాయి రోగమునకు మందు చేసియుండెను. పాషాణమునకును అంటిమొనికిని రసాయనశాస్త్రములో దగ్గఱ చుట్టఱికము. ఒక ధాతువుతో సాధ్యమైనది దాని దాయాదితో ఏల సాధ్యము కారాదని ఆయన యాలోచించెను. ఇది రోగిని మాత్ర మెఱిఁగినవానికి తట్టు ఊహ కాదు. రసాయనమును మాత్ర మెఱిఁగినవానికి తట్టినను, దానిని ఏ రోగిపై, ఎంత మోతాదున, ఎన్ని దినములు పరీక్షింపవలెనో తెలియదు.

కలకత్తాలోని క్యాంబెలు ఆసుపత్రిలో ఆయనకు దొరకిన ప్రయోగశాల యొక చిన్న గది. గ్యాసు లేదు, విద్యుద్దీపము లేదు, కుళాయి లేదు. రాత్రులయందు లాంతరు వెలుఁగున ఆయన పనిచేసెను. 1920లో యూరియా స్టిబమీను అను మందు సిద్ధమైనది. 1922లో రోగుల చికిత్సాఫలితములు ప్రకటితమైనవి. నెలల చికిత్స వారములలోనికి దిగినది. 1946లో ఆయన గతించునాఁటికి ఆ మందుచేత ప్రాణములు దక్కించుకొన్నవారి సంఖ్య మిక్కిలి పెద్దది. నోబెలు బహుమానమునకు ఆయన పేరు 1929లో సూచింపఁబడినది గాని రాలేదు. దానిని గుఱించి వంగదేశీయులు నేఁటికిని చింతింతురు. నాకు అంతకంటె చింత కలిగించున దా గది. ఇంతవాని కంత గదియా యని కాదు. ఆ గదినే ఆదర్శముగా చూపి, మనవారు పేదఱికములోనే గొప్ప పనులు చేయుదురని పొంగిపోవు అలవాటు మనలో నాటుకొన్నది.

ఇఁక మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి మాట. భీమవరములో 1895లో పుట్టిన యీయన జీవితమును తెలుఁగు పాఠకులు పలుమాఱు చదివియున్నారు. కావున మన విషయమునకు సంబంధించినంత వఱకే చెప్పెదను. మదరాసు వైద్యకళాశాలలో చదువునాఁడు ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టము బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. కొంతకాలము డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించెను. ఆయన సోదరుఁడు ఉష్ణదేశముల సంగ్రహణి రోగమున మరణించెను. ఆ దుఃఖముతోను, మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యాసరాతోను ఆయన అమెరికాకు పోయి హార్వర్డులో ఉష్ణదేశరోగముల శాస్త్రమును చదివెను. ఎల్.ఎం.ఎస్. పట్టమునకు అచ్చట విలువ లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగి కడుపు పోసికొనెను. వైద్యుఁడు కాలేకపోయిన ఆ యాసుపత్రి దేశములోనే ఆయన జీవరసాయనమును పట్టుకొనెను. ఫిస్కెతో కలిసి రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను 1927లోను, ఏ.టి.పి. 1929లోను వెలువడినవి. పి.హెచ్.డి. పట్టము 1930లో వచ్చినది.

ఇచ్చట పాఠకు లొక విషయమును గమనింపవలెను. ఏ.టి.పి.ని కనుఁగొన్న సుబ్బారావు శుద్ధ రసాయనవేత్త. ఆ పనికి వైద్యునితో నిమిత్తము లేదు. కాని 1940లో లెడర్లె మందుల కంపెనీలో చేరిన పిమ్మట ఆయన ఏ రోగములను పట్టుకొనెనో చూడుఁడు. ఫోలికామ్లమును ఆయన బృందము 1945లో కృత్రిమముగా తయారు చేసినది. అది సంగ్రహణివలని రక్తహీనతకు మందు. బోదకాలు రోగమునకు డైయిథైల్ కార్బమజీను 1947లో వచ్చినది. గోదావరి మండలములలో పుట్టి పెరిగినవానికి ఆ రోగ మెట్లుండునో పుస్తకములో చూచి తెలిసికొనవలసిన పని లేదు. ఫోలికామ్లమునకు విరోధియైన అమినాప్టెరినును ఆయన బృందమే చేయఁగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తమునకు రాచపుండు పట్టిన పసిబిడ్డలకిచ్చి, కొందఱిలో రోగము తాత్కాలికముగా వెనుదిరుగుటను 1948లో ప్రకటించెను. ఆ యేఁటనే ఆగస్టులో సుబ్బారావుగారు గతించిరి. ఆయనను మందులవైపు నడిపినది ఆయనలోని మదరాసు వైద్యవిద్యార్థియే యని నా యభిప్రాయము. ప్రభుత్వము ఆయనకు పూర్తి పట్టము నిచ్చియుండినచో, ఆంధ్రదేశమునం దేదో జిల్లా ఆసుపత్రిలో మంచి సర్జనుగా పేరు పొంది యుండెడివాఁడు కాఁబోలు. అన్యాయమునకు మన మెన్నఁడును కృతజ్ఞత చెప్పరాదు. కాని యీ లెక్క మాత్రము విచిత్రమైనది.

ఇట్లు వ్యక్తులు తమ సొంత పాట్లతో కట్టుకొన్న వంతెనను సంస్థగా నిర్మింపఁజూచినది అమెరికా దేశము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు వైద్యవిద్య చాల హీనస్థితిలో నుండెను. 1893లో జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల జర్మను పద్ధతిని అనుసరించి, ఆసుపత్రిని, ప్రయోగశాలను ఒక చోట నుంచినది. 1910లో అబ్రహాము ఫ్లెక్స్నరు అమెరికా, కెనడాలలోని 155 వైద్యపాఠశాలలను పరిశీలించి ప్రకటించిన నివేదికతో పనికిమాలినవి యనేకము మూతపడినవి. ఆ సంవత్సరముననే న్యూయార్కులో రాక్‌ఫెల్లరు పరిశోధనసంస్థ తన యాసుపత్రిని తెఱచినది. దాని యధికారి రూఫసు కోల్ ఒక నియమము పెట్టెను: రోగులను చూచు వైద్యులే ప్రయోగశాలలో పరిశోధన చేయవలెను గాని, శాస్త్రజ్ఞులు చెప్పినదానిని రోగులపై పరీక్షించు సేవకులుగా మాత్రము ఉండరాదు. అప్పటి కది చిన్న కలహమువలెఁ దోఁచినది. ఆ యాసుపత్రిలో న్యుమోనియా రోగమును పట్టుకొన్న ఆస్వాల్డు ఏవరీ, మెక్‌లియాడు, మెకార్టీ యను ముగ్గురును కలిసి, ఆ రోగమును కలిగించు సూక్ష్మజీవి తన గుణములను వేఱొకదానికి సంక్రమింపఁజేయు పదార్థము డి.ఎన్.ఏ. యని 1944లో నిరూపించిరి. ముగ్గురును వైద్యులే, ఒక్కరికిని పి.హెచ్.డి. లేదు. సృష్టిలో వంశలక్షణముల మూలపదార్థమును చూపిన పరిశోధన న్యుమోనియా రోగి మంచము ప్రక్కనుండి మొదలైనది.

అయినచో పి.హెచ్.డి. యేల? రెండవ మహాయుద్ధానంతరము శాస్త్రము ఎంత పెరిగినదనఁగా, తీఱిక వేళల నేర్చికొనుటకు అది లొంగదాయెను. జీవరసాయనమును, జన్యుశాస్త్రమును చేతితో చేసి నేర్వవలసియుండెను. దానికి మూఁడు నాలు గేండ్ల యెడతెగని కాలము కావలెను. వైద్యపట్టము పుచ్చుకొని, సంసారమును, అప్పులను నెత్తిమీఁద పెట్టుకొన్నవానికి ఆ కాలము ఎచ్చట దొరకును? క్లీవ్‌లండు నగరములోని వెస్టర్న్ రిజర్వు విశ్వవిద్యాలయము 1956లో ఈ ప్రశ్నకు సమాధానముగా రెండు పట్టములను ఒకే క్రమములో నిచ్చు పాఠ్యప్రణాళికను ఆరంభించినది. 1964లో ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్యసంస్థ అయిన ఎన్.ఐ.హెచ్. దీనికి ధనసహాయము చేయఁబూని, మొదట ఐన్‌స్టైను, నార్త్‌వెస్టర్న్, న్యూయార్కు విశ్వవిద్యాలయముల కళాశాలలు మూఁడింటిని ఎన్నుకొన్నది. నేఁడవి యేఁబదికి మించినవి.

పద్ధతి యిట్టిది. విద్యార్థి రెండేండ్లు వైద్యశాస్త్రపు మూలపాఠములను చదువును. పిమ్మట ఆసుపత్రికి పోక ప్రయోగశాలకు పోయి, మూఁడు నాలుగేండ్లు ఒక్క ప్రశ్నను పట్టుకొని పరిశోధనగ్రంథమును ముగించును. ఆ మీఁదట మరల వచ్చి ఆసుపత్రి చదువును పూర్తి చేయును. మొత్తము ఏడెనిమి దేండ్లు. ఈ కాలమంతయు ఫీజు లేదు. జీవనమునకు ఉపకారవేతనము కలదు. ఈ కడపటి మాటయే యీ పద్ధతికి వెన్నెముక. అప్పు లేని వైద్యుఁడు మాత్రమే తక్కువ జీతపు పరిశోధనను వరింపఁగలఁడని ఆ దేశమువారు గుర్తించిరి. ప్రయోగశాలనుండి తిరిగి వచ్చిన విద్యార్థికి రోగిని తాఁకు చేయి మొద్దుబాఱియుండును. తోడివా రప్పటికే వైద్యులై తిరుగుచుందురు. అందుచేత అనేక స్థలములలో పరిశోధన సాగుచుండఁగానే అప్పుడప్పుడు ఆసుపత్రికి వచ్చి రోగులను చూచు ఏర్పాటు చేసిరి.

దీనితోపాటు అనుకోని మార్గ మొకటి యా దేశమున ఏర్పడెను. వియత్నాము యుద్ధకాలమున వైద్యులు సైన్యములో చేరక తప్పదు, కాని ఎన్.ఐ.హెచ్.లో పరిశోధనకు ఎన్నికైనచో అదియే సేవగా పరిగణింపఁబడెడిది. సైనికులు వీరిని "పచ్చటోపీలవారు" అని వెక్కిరించిరఁట. అక్కడి పచ్చ మన పసుపు రంగు, పిఱికితనమునకు గుర్తు. ఆ వెక్కిరింపఁబడినవారిలో గోల్డ్‌స్టైను, బ్రౌను, వార్మసు, లెఫ్‌కోవిట్జు లుండిరి. పసితనముననే గుండెపోటు వచ్చు వంశరోగము గల బిడ్డలను గోల్డ్‌స్టైను అచ్చటనే చూచెను. ఆ బిడ్డల రక్తములో క్రొవ్వు ఏల పేరుకొనుచున్నదను ప్రశ్నను పట్టుకొని, ఆయనయు బ్రౌనును కణముపైనున్న ఎల్.డి.ఎల్. గ్రాహకమును కనుఁగొని 1985లో నోబెలు బహుమానము నందిరి. 1973లో నిర్బంధ సైన్యసేవ నిలిచిపోవుటతో ఆ మార్గమునకు వచ్చువారు తగ్గిరి. యుద్ధము చెడ్డది, దాని నీడలో విజ్ఞానము పెరిగినదని చెప్పుకొనుట సంతోషింపఁదగిన మాట కాదు. 1979లో వైన్‌గార్డెను అను వైద్యాచార్యుఁడు రోగులనడుమ పరిశోధన చేయు వైద్యుఁడు అంతరించిపోవు జాతియని వ్రాసి యందఱిని కలవరపెట్టెను. ధనము గల ఆ దేశములోనే యీ గతి.

ఈ పద్ధతికి ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది: వైద్యుఁడును, శాస్త్రజ్ఞుఁడును ఇద్దఱు కలిసి పనిచేసినఁ జాలదా? ఒక్కని నెత్తిన రెండు మూటలేల? ఇది తోసివేయఁదగిన ప్రశ్న కాదు. 1921లో టొరాంటోలో ఇన్సులిను దొరకినప్పుడు ఊహ సర్జనైన బాంటింగుది. దానిని మనుష్యుని కెక్కింపఁదగినట్లు శుద్ధి చేసినది జీవరసాయనవేత్త కాలిప్. కాని వారిద్దఱి నడుమను రేఁగిన కలహము కూడ చరిత్రలోనిదే. ఇద్దఱికిని తెలిసిన భాష కొంచె మున్నఁగాని ఇద్దఱు కలిసి పనిచేయుట సాగదు. ఆ భాష తెలిసిన దుబాసి యొకఁడైనను ఉండవలెను. వైద్యులందఱును పరిశోధకులు కావలెనని యెవరును కోరుట లేదు.

రెండవ యాక్షేపణ మఱింత బలమైనది. అది కాలమును గుఱించినది. ఎనిమిదేండ్లు చదివి, ఆపై విశేషశిక్షణ మూఁడునుండి ఆఱేండ్లు పొంది, సొంత ప్రయోగశాలకు ధనము సంపాదించునప్పటికి నలువదేండ్లు దాఁటును. మన స్త్రీల కిది మఱియు కష్టము. ఇరువదియైదేండ్లు నిండకమునుపే పెండ్లి మాటలు మొదలగు నిండ్లలో, ఇంకను చదువుచునే యున్న యాఁడుబిడ్డను బంధువులు చూచు చూపు మనకు తెలియును. మగపిల్లవాని సంగతి వేఱు తీరు. వైద్యుఁడైన వరునికి కట్నపు బజారులో ఒక ధర కలదు; విశేషవైద్యుఁడైనచో ధర పెరుగును. పి.హెచ్.డి.కి మాత్రము ధర లేదు. సిగ్గుపడవలసిన బజారైనను, మన తలిదండ్రులు ఏ చదువును చదువనుకొందురో అది దాఁచక చెప్పును. సీటు కొఱకు పొలము నమ్మిన తండ్రి, కుమారుఁడు మఱి నాలుగేండ్లు ఎలుకలతో కాలక్షేపము చేయుదునన్నచో ఏమనును? ఆ తండ్రిని నిందింపలేము. అమెరికావారు తొలుతనే ఫీజును తీసివేసినది ఇట్టి తండ్రిని తలఁచుకొనియే.

మన దేశములో 2024 నాఁటికి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు పైఁబడినవి. ఎం.డి. విద్యార్థి ప్రతివాఁడును ఒక పరిశోధనవ్యాసమును సమర్పింపవలెనని నియమము కలదు. రాత్రింబవళ్లు ఆసుపత్రి విధులతో సొమ్మసిల్లిన విద్యార్థి దాని నెట్లు ముగించునో వైద్యకళాశాలలలో అందఱికిని తెలిసిన రహస్యమే. బెంగుళూరిలోని భారతీయ విజ్ఞానసంస్థ 1909లో స్థాపింపఁబడినను, నూఱేండ్లకు పైఁగా దానికి వైద్యకళాశాల లేదు. 2022లో దాతలు 425 కోట్ల రూపాయలు ఈయఁగా, 800 పడకల యాసుపత్రితో వైద్యకళాశాలను నెలకొల్పి, ఎం.డి.-పి.హెచ్.డి. పట్టములను కలిపి యిచ్చునట్లు ఆ సంస్థ సంకల్పించినది. బ్రహ్మచారిగారు తానై రెండు పట్టములను జత చేసికొన్న నూటపదునెనిమి దేండ్లకు!

ఈ నడుమ కాలము వట్టిగా పోలేదు. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు విశాఖపట్టణము ఆంధ్ర వైద్యకళాశాలలో ఎం.డి. వఱకు చదివి, ఆక్స్‌ఫర్డులో డి.ఫిల్. పట్టము నందిరి. హిమాలయపాదమున కాంగ్డా లోయలో ఇంటింట గళగండములతో నున్న జనులను చూచి, 1956లో ఆయనయు సహచరులును ఆ లోయను మూఁడు భాగములుగా విభజించిరి. రెండు భాగములకు అయొడిను చేర్చిన యుప్పు, మూఁడవదానికి మామూలుప్పు పంపిరి. కొలఁది యేండ్లలో మొదటి రెండు భాగముల పిల్లలలో గళగండము బాగుగా తగ్గెను, మూఁడవదానిలో తగ్గలేదు. పిమ్మట అచ్చటివారికిని మంచి యుప్పు నిచ్చిరి. 1962లో దేశవ్యాప్తముగా గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. నేఁడు మన వంటయింటి యుప్పు పొట్లముపై అయొడిను పేరు కనఁబడుచున్నదన్న దానికి మూల మా లోయ. ఆయన శవపరీక్షాశాలలోని శాస్త్రమును, పల్లెలోని గొంతుకను ఒకే కంటితో చూచినవాఁడు.

ఆ శ్రీకాకుళము జిల్లాలోనే సముద్రతీరమున ఉద్దానము కలదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము మొదలగు మండలముల కొబ్బరితోఁటల, జీడితోఁటల సీమ యది. అక్కడి జనులలో ననేకులకు, మధుమేహముగాని రక్తపుపోటుగాని లేకయే, మూత్రపిండములు చెడిపోవుచున్నవి. కూలిపని చేసికొను మనుష్యుఁడు నడివయస్సున వారమునకు రెండు మూఁడు మాఱులు రక్తశుద్ధియంత్రమునకు కట్టుబడి యుండును. త్రాగునీరని కొందఱు, పురుగుమందులని కొందఱు, ఎండలో ఒడలెండు శ్రమ యని కొందఱు, నొప్పిమాత్రలని కొందఱు చెప్పుదురు. ఏదియు నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధనకేంద్రమును ప్రారంభింపఁబడినవి. కట్టడము లేచినది. ఇఁక కావలసినది ఉదయము రక్తశుద్ధిశాలలో రోగుల పేరులు పెట్టి పిలువఁగలిగి, మధ్యాహ్నము వారి కణములను సూక్ష్మదర్శని క్రింద పెట్టి చూడఁగలిగి, ఇంకను రోగము సోఁకని పల్లెవాసులను పదేండ్లపాటు ఏఁటేఁట పరీక్షించుటకు అచ్చటనే కాపుర ముండఁగల వైద్యులు. ఒక్కొక్కరిని తయారు చేయుటకు ఎనిమిదేండ్లు పట్టును. ఆ యెనిమిదేండ్ల ఉపకారవేతనము ఎవరి పద్దునుండి వచ్చునో ఇంకను నిర్ణయింపవలసియున్నది.